గాలి నుంచి అన్నం, గాలి నుంచి మందుగుండు

ఒకరోజు పదో తరగతికి రసాయనశాస్త్రం చెప్పడానికి వెళ్లేసరికి నల్లబల్ల మీద అంతకుముందు పీరియడులోని సాంఘికశాస్త్రం పాఠం అలాగే ఉంది. "మొదటి ప్రపంచ యుద్ధం. తక్షణ కారణం: సారయేవో హత్య" అని రాసి, కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. తుడవబోతుంటే రెండో బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచాడు. "మాస్టారూ, ఒక సందేహం. ఎవరో ఒకాయన్ని ఇంకెవరో కాల్చి చంపితే ప్రపంచమంతా నాలుగేళ్లు ఎందుకు కొట్టుకోవాలండీ? నాకు లెక్క కుదరడం లేదు" అన్నాడు.

"మీ సోషల్ మాస్టారిని అడుగు" అని తప్పించుకోవచ్చు. కాని వాడు అడిగిన తీరు నాకు నచ్చింది. కారణం ఇంత చిన్నది, ఫలితం అంత పెద్దది, మధ్యలో ఏదో తప్పిపోయిందని వాడికి తోచింది. విజ్ఞానశాస్త్రం చదివేవాడు అడగవలసిన ప్రశ్న సరిగ్గా అదే. పైగా బల్ల మీద ఉన్న ఆ పాఠానికీ, నేను ఆరోజు చెప్పవలసిన అమ్మోనియా పాఠానికీ చాలా దగ్గర చుట్టరికం ఉంది. అందుకని డస్టరు పక్కన పెట్టేశాను. ఆరోజు చెప్పిన కథే ఇక్కడ మీకూ చెబుతాను.

అగ్గిపుల్ల, గడ్డివాము

ముందు సంగతేమిటో చూద్దాం. 1914 జూన్ 28, ఆదివారం. ఆస్ట్రియా–హంగరీ సామ్రాజ్యపు యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ తన భార్య సోఫీతో కలిసి బోస్నియాలోని సారయేవో నగరానికి వచ్చాడు. ఉదయం ఒకడు బాంబు విసిరితే తప్పించుకున్నారు. తరువాత వారి కారు డ్రైవరు పొరపాటున వేరే వీధిలోకి మళ్లి, తెలుసుకొని ఆపాడు. అక్కడే నిలబడి ఉన్నాడు గవ్రిలో ప్రిన్సిప్ అనే యువకుడు. వయసు 19 ఏళ్లు. అంటే మీకంటే మూడు నాలుగేళ్లు పెద్దవాడు, అంతే! పిస్తోలు రెండుసార్లు పేల్చాడు. భార్యాభర్తలిద్దరూ చనిపోయారు. బోస్నియాను 1908లో ఆస్ట్రియా తనలో కలిపేసుకుంది. అక్కడి సెర్బు యువకులు చాలామందికి అది కంటగింపుగా ఉండేది. ప్రిన్సిప్ అటువంటివాళ్లలో ఒకడు. అతని ముఠాకు ఆయుధాలు పొరుగున ఉన్న సెర్బియా నుంచి వచ్చాయి.

హత్యకూ యుద్ధానికీ మధ్య సరిగ్గా నెల గడిచింది. జూలై 28న ఆస్ట్రియా సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది. సెర్బియాకు అండగా రష్యా తన సైన్యాన్ని పోగుచేయసాగింది. రష్యా కదిలిందని జర్మనీ ఆగస్టు 1న రష్యా మీద, 3న ఫ్రాన్సు మీద యుద్ధం ప్రకటించింది. ఫ్రాన్సు మీదికి పోవడానికి వీలైన దారి అని ఏ పక్షానా లేని బెల్జియంలోకి జొరబడింది. దాంతో 4వ తేదీన బ్రిటన్ దిగింది. బ్రిటన్ దిగిందంటే మనమూ దిగినట్లే. మనల్ని ఎవరూ అడగలేదు.

సారయేవో తూటా ఒక అగ్గిపుల్ల. అగ్గిపుల్ల తడినేల మీద పడితే ఆరిపోతుంది. ఎండిన గడ్డివాములో పడితే ఊరు తగలబడుతుంది. కాబట్టి అగ్గిపుల్ల గీసిందెవరో తెలుసుకొని ఊరుకుంటే చాలదు. గడ్డి ఎవరు పోగేశారో కూడా చూడాలి.

పోగేసినవాళ్లు చాలామంది. 1882 నాటికే జర్మనీ, ఆస్ట్రియా–హంగరీ, ఇటలీ ఒక కూటమి కట్టాయి. దానికి బదులుగా ఫ్రాన్సు, రష్యా చేతులు కలిపాయి. 1904లో ఫ్రాన్సుతో, 1907లో రష్యాతో బ్రిటన్ సయోధ్యకు వచ్చింది. అప్పటికే ఆసియా, ఆఫ్రికాల్లో వలసలు పంచుకొని కూర్చున్న దేశాలను చూసి, ఆలస్యంగా బలపడిన జర్మనీకి ఆత్రం. 1906లో బ్రిటన్ 'డ్రెడ్‌నాట్' అనే కొత్తరకం యుద్ధనౌకను నీళ్లలోకి దింపితే, జర్మనీ కూడా అటువంటివే కట్టడం మొదలుపెట్టింది. నువ్వొకటి కడితే నేను రెండు కడతానన్న పోటీలో రెండు దేశాల ఖజానాలూ కరిగాయి. బాల్కన్ దేశాల్లో 1912, 1913ల్లో వరసగా రెండు యుద్ధాలు జరిగాయి.

నన్నడిగితే వీటన్నిటిలోకీ బాగా ఎండిన గడ్డి రైళ్ల టైంటేబిలు. నవ్వకండి! జర్మనీకి పడమట ఫ్రాన్సు, తూర్పున రష్యా. ఇద్దరితో ఒకేసారి పోరాడలేదు కనుక, ముందు ఫ్రాన్సును ఆరు వారాల్లో ఓడించి, ఆ తరువాత సైన్యాన్ని రైళ్లలో తూర్పుకు తరలించాలని వారి పథకం. ఏ రైలు ఏ వంతెన ఎన్ని నిమిషాలకు దాటాలో కూడా ముందే లెక్క వేసి పెట్టుకున్నారు. ఆగస్టు 1న జర్మనీ చక్రవర్తికి ఫ్రాన్సుతో యుద్ధం తప్పవచ్చునని ఆశ కలిగింది. సైన్యాన్నంతా తూర్పుకే పంపమని సేనాధిపతి మోల్ట్‌కేను అడిగాడు. వీలుకాదన్నాడు మోల్ట్‌కే. ఏళ్ల తరబడి వేసిన ఏర్పాటును ఒక్కరోజులో మార్చితే సైన్యం చెల్లాచెదురవుతుందని ఆయన భయం. ఆలోచించుకోవడానికి ఆగితే ఎదుటివాడు ముందుంటాడని ప్రతి దేశమూ భయపడింది. ఎవరి తప్పు ఎంత అనే విషయంలో చరిత్రకారులు వందేళ్ల తరువాత కూడా వాదించుకుంటూనే ఉన్నారు. పరీక్షలో మాత్రం మీరు ఒక్క కారణం రాసి ఊరుకోకండి.

రెండో ప్రశ్న

అయితే మా కుర్రవాడి ప్రశ్నలో ఇంకో సగం ఉంది. సరే, యుద్ధం మొదలైంది. నాలుగేళ్లు ఎందుకు సాగింది? ఆ వేసవిలో బయలుదేరిన సైనికుల్లో చాలామంది క్రిస్మస్ పండుగకు ఇల్లు చేరతామనుకున్నారు. సేనాధిపతులు కూడా కొద్ది నెలల యుద్ధానికే మందుగుండు నిలవ చేసుకున్నారు. సెప్టెంబరులో మార్న్ నది దగ్గర జర్మన్లు ఆగిపోయారు. తరువాత రెండు పక్షాలూ బెల్జియం సముద్రతీరం నుంచి స్విట్జర్లాండు సరిహద్దు దాకా సుమారు 700 కిలోమీటర్ల పొడవునా కందకాలు తవ్వుకొని కూర్చున్నాయి. శీతకాలం వచ్చేలోగా అందరికీ ఫిరంగి గుండ్ల కరువు వచ్చింది. గుండ్లు లేకపోతే ఫిరంగి ఒట్టి ఇనుపగొట్టం. అక్కడ యుద్ధం ఆగిపోవలసింది. ఎందుకు ఆగలేదు?

ఈ ప్రశ్నకు జవాబు నత్రజని దగ్గర ఉంది.

మనం పీల్చే గాలిలో నూటికి 78 వంతులు నత్రజనే. కాని ఆ నత్రజని మనకు గాని, వరిపైరుకు గాని నేరుగా పనికిరాదు. దాని అణువులో రెండు పరమాణువులు మూడు బంధాలతో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి. వాటిని విడదీస్తేనే మొక్క వాడుకోగలదు. జనుము, జీలుగ, పిల్లిపెసర వంటి మొక్కల వేళ్లలోని సూక్ష్మజీవులు ఈ పని చేస్తాయి. మన రైతులు వాటిని పెంచి దుక్కిలో కలియదున్నేది అందుకే.

ఇప్పుడు రెండో సంగతి గమనించండి. అంత కష్టపడి విడదీసిన పరమాణువులు మళ్లీ జతకూడితే ఏమవుతుంది? విడదీయడానికి ఎంత శక్తి పట్టిందో అంత శక్తీ బయటికి వస్తుంది. టి.ఎన్.టి. వంటి పేలుడు పదార్థాల్లో నత్రజని, ఆమ్లజనితో కలిసి బలహీనంగా అతుక్కొని ఉంటుంది. చాలా బలమైన అదురు తగిలితే చాలు. కనురెప్ప వేసేలోగా నత్రజని పరమాణువులు తమలో తాము జతకూడతాయి, కర్బనం ఆమ్లజనితో కలుస్తుంది, బాగా వేడెక్కిన వాయువులు ఒక్కసారిగా వ్యాకోచిస్తాయి. అదే పేలుడు. దీపావళికి చిచ్చుబుడ్డిలో కూరే సూరేకారం కూడా నత్రజని లవణమే. అది బొగ్గుకూ గంధకానికీ ఆమ్లజనిని అందిస్తుంది. ఒకప్పుడు బీహారు మట్టి నుంచి తీసిన సూరేకారం ఓడలకొద్దీ ఇంగ్లండుకు పోయేది. ఈస్టిండియా కంపెనీకి అది మంచి లాభసాటి సరుకు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రపంచానికి కావలసిన నత్రజని లవణాల్లో ఎక్కువ భాగం ఒకే చోటు నుంచి వచ్చేది. అది దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు ఎడారి. అక్కడ వాన కురవదు కనుక 'చిలీ సూరేకారం' కరిగిపోకుండా పొరలు పొరలుగా ఉంది. యూరపు రైతులు దాన్ని గోధుమ చేలల్లో చల్లేవారు. మందుగుండు కర్మాగారాలవారు దాని నుంచే నత్రికామ్లం చేసేవారు. 1898లోనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు విలియం క్రుక్స్ ఒక హెచ్చరిక చేశాడు. చిలీ నిల్వలు ఏదో ఒకనాటికి అయిపోతాయనీ, గాలిలోని నత్రజనిని వాడుకునే దారి రసాయనశాస్త్రజ్ఞులు కనిపెట్టకపోతే గోధుమ తినే జనం పస్తులుండవలసి వస్తుందనీ ఆయన మాట. ఆయన అడిగింది అన్నం గురించి.

హేబర్, బాష్

ఆ దారి కనిపెట్టినవాడు జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్. ఒక నత్రజని అణువు, మూడు ఉదజని అణువులు కలిస్తే రెండు అమ్మోనియా అణువులు రావాలి. కాగితం మీద ఇంత సులువు. ప్రయోగశాలలో మాత్రం చిక్కు వచ్చింది. వేడి తక్కువైతే చర్య నత్తనడక నడుస్తుంది. వేడి పెంచితే తయారైన అమ్మోనియా మళ్లీ విడిపోతుంది. హేబర్ వాతావరణ పీడనానికి సుమారు 200 రెట్ల పీడనం వాడాడు, ఉత్ప్రేరకంగా ఆస్మియం లోహాన్ని పెట్టాడు. 1909 జూలైలో కార్ల్స్‌రూహె నగరంలో బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీవాళ్ల ఎదుట ఆయన యంత్రం నుంచి అమ్మోనియా బొట్టుబొట్టుగా కారింది.

బొట్టును టన్నులుగా మార్చవలసిన పని కార్ల్ బాష్ అనే ఇంజనీరుకు పడింది. నాకు ఈ భాగమంటే మహా ఇష్టం, అందుకే కొంచెం ఆగుతాను. ఆస్మియం ప్రపంచంలో ఎక్కడా చాలినంత దొరకదు. బాష్ సహచరుడు మిట్టాష్ వేల ప్రయోగాలు చేసి, స్వీడన్ నుంచి వచ్చిన ఒక ఇనుప ఖనిజం చక్కగా పనిచేస్తుందని తేల్చాడు. తీరా చూస్తే పెద్ద గొట్టాలు మూడేసి రోజులకే పగిలిపోతున్నాయి! కారణం ఏమిటంటే, అంత వేడిలో ఉదజని ఉక్కులోకి చొరబడి అందులోని కర్బనాన్ని లాగేస్తోంది. కర్బనం పోతే ఉక్కు పెళుసు. బాష్ ఏం చేశాడో తెలుసా? గొట్టం లోపల కర్బనం లేని మెత్తని ఇనుముతో పలచని పొర వేశాడు. దాని గుండా కారే కాస్త ఉదజని బయటికి పోవడానికి పై ఉక్కుకు సన్నని రంధ్రాలు పెట్టాడు. ఒత్తిడిని ఉక్కు తట్టుకుంటుంది, ఉదజనిని మెత్తని ఇనుము ఆపుతుంది. 1913 సెప్టెంబరులో ఓపా అనే ఊళ్లో కర్మాగారం మొదలైంది. అది పొలాలకు ఎరువు చేయడానికి కట్టిన కర్మాగారం.

ఏడాది తిరగకముందే యుద్ధం వచ్చింది. బ్రిటిషు నౌకాదళం జర్మనీ ఓడరేవులకు దారి మూసింది. చిలీ సూరేకారం రాకపోకలు ఆగిపోయాయి. 1914 నవంబరు 1న చిలీ తీరంలోనే, కొరొనెల్ దగ్గర, జర్మన్ నౌకలు రెండు బ్రిటిషు యుద్ధనౌకలను ముంచాయి. డిసెంబరు 8న ఫాక్‌లాండ్ దీవుల దగ్గర బ్రిటన్ బదులు తీర్చుకుంది. జర్మన్ నౌకాధిపతి ష్పే, అతని ఇద్దరు కొడుకులు ఆ ఒక్కరోజే సముద్రం పాలయ్యారు. ఆ నౌకాబృందం నుంచి ముందే విడిపోయి వచ్చిన 'ఎమ్డెన్' అనే ఓడ మన వైపు కూడా వచ్చింది. సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవులోని చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించి నిప్పుపెట్టింది. అప్పటికి మద్రాసు మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు కూడా రాజధాని. భయంతో వేలాదిమంది పట్నం విడిచి పోయారు.

సూరేకారం లేని జర్మనీ చేతులెత్తేయవలసిన చోట బాష్ తన ప్రభుత్వానికి ఒక మాట ఇచ్చాడు. అమ్మోనియాను ఆమ్లజనితో మండించి నత్రికామ్లం చేసే పద్ధతి అప్పటికే తెలుసు. దాన్ని పెద్దయెత్తున చేసిపెడతామన్నాడు. 1915 మే నాటికి ఓపాలో ఆ పని మొదలైంది. ఫ్రెంచి విమానాలకు అందనంత లోపల, లాయ్నాలో ఇంకా పెద్ద కర్మాగారం కట్టారు. 1917లో అదీ పని మొదలుపెట్టింది. కాల్షియం సయనమైడ్ పద్ధతి కూడా చాలా నత్రజని ఇచ్చింది కనుక పుణ్యమైనా పాపమైనా హేబర్ ఒక్కడిదే అనకూడదు. మొత్తం మీద గాలిలోంచి మందుగుండు పుట్టింది. రెండో పక్షంవారికి చిలీ దారి తెరిచే ఉంది. ఇక గుండ్లకు కొదవేముంది? 1916లో సోమ్ నది దగ్గర యుద్ధానికి ముందు ఒక్క వారంలో బ్రిటిషు ఫిరంగులు 15 లక్షలకు పైగా గుండ్లు పేల్చాయి. అన్ని పేల్చినా, జూలై 1న కందకాల్లోంచి లేచిన బ్రిటిషు సైనికుల్లో 19 వేలమందికి పైగా ఆ ఒక్కరోజే చనిపోయారు.

నత్రజని గుండ్లలోకి పోతే పొలాలకు ఏమి మిగులుతుంది? జర్మనీలో ఎరువు లేదు, పొలం పనికి మగవాళ్లు లేరు, గుర్రాలు లేవు, బయటినుంచి తిండిగింజలు రావు. 1916లో బంగాళాదుంప పంట దెబ్బతింది. ఆ శీతకాలం జనం పశువులకు వేసే టర్నిప్ దుంపలు తిని బతికారు. ఆకలి వల్ల, ఆకలి తెచ్చిన జబ్బుల వల్ల జర్మనీలో లక్షలమంది పోయారు. అన్నం కోసం కనిపెట్టిన విద్య ఊళ్లో ఉండగానే ఇది జరిగింది.

హేబర్ అక్కడితో ఆగలేదు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర క్లోరిన్ విషవాయువును 5,700కు పైగా సిలిండర్ల నుంచి గాలివాటున వదిలారు. ఏర్పాట్లు చూసింది హేబరే. నాలుగు రోజుల తరువాత అదే చోట మన భారతీయ సైనికులు విషవాయువులోకి నడిచారు. ముఖానికి కట్టుకోవడానికి తడిగుడ్డలే దిక్కు. అక్కడ తోటివాళ్లను మోసుకొచ్చిన జమాదారు మీర్ దస్త్‌కు విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఆ ఆగస్టు 10న గల్లిపోలీలో ఒక ఇంగ్లీషు యువకుడు తూటా తగిలి చనిపోయాడు. పేరు హెన్రీ మోస్లీ, వయసు 27. మీ ఆవర్తన పట్టికలో మూలకాలను పరమాణు సంఖ్యల వరసలో ఎందుకు పెట్టాలో ప్రయోగం చేసి చూపినవాడు అతనే. ఆ తరగతి గదిలో గోడకు వేలాడుతున్న పట్టికను చూపించి ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు కాసేపు మాట్లాడలేదు.

గుండ్లు ఆగిన తరువాత

1918 నవంబరు 11న కాల్పులు ఆగాయి. అప్పటికి 90 లక్షలకు పైగా సైనికులు చనిపోయారు. రష్యా, జర్మనీ, ఆస్ట్రియా–హంగరీ, టర్కీ చక్రవర్తుల సామ్రాజ్యాలు నాలుగూ కూలాయి. ఇంకొక తేదీ చూడండి: వెర్సాయి సంధి మీద సంతకాలు జరిగింది 1919 జూన్ 28న, సారయేవో తూటా పేలిన అయిదేళ్లకు సరిగ్గా అదేరోజున. జర్మనీ మీద తప్పు మోపారు. 1921లో 13,200 కోట్ల బంగారు మార్కుల పరిహారం కట్టమన్నారు. ఆ అవమానాన్ని ఎగదోసే హిట్లర్ జనాన్ని పోగుచేసుకున్నాడు. అది ఒక్కటే చాలలేదు సుమా! 1929 తరువాత వచ్చిన ఆర్థికమాంద్యం, నిరుద్యోగం కూడా తోడయ్యాయి. 1933లో అతను గద్దె ఎక్కాడు, 1939లో రెండో యుద్ధం వచ్చింది. ఒక యుద్ధపు ఫలితం ఇంకో యుద్ధానికి గడ్డివాము అయింది.

మన సంగతి? పది లక్షలమందికి పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్లారు. 70 వేలకు పైగా తిరిగి రాలేదు. ఢిల్లీలో తీన్‌మూర్తి అనే చోట మూడు సైనిక విగ్రహాలున్నాయి. అవి ఆ యుద్ధంలో పోరాడిన హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూరు సంస్థానాల అశ్వికదళాల గుర్తులు. మన ఖజానా నుంచి బ్రిటన్‌కు పది కోట్ల పౌన్లు 'కానుక'గా పోయాయి. ధరలు మండాయి. 1918లో బొంబాయి రేవులో దిగిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరం రైలుదారుల వెంట దేశమంతా పాకి, కోటిమందికి పైగా పొట్టన పెట్టుకుంది. యుద్ధంలో ఇంత సాయం చేశాం గనుక స్వపరిపాలన ఇస్తారని ఎదురుచూసినవారికి 1919లో రౌలట్ చట్టం వచ్చింది. ఆ ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో కాల్పులు జరిగాయి. బ్రిటిషువారి మాట మీద చాలామందికి ఉన్న నమ్మకం అక్కడితో పోయింది.

గంట కొట్టడానికి అయిదు నిమిషాలుందనగా మా కుర్రవాడు మళ్లీ లేచాడు. "మాస్టారూ, హేబర్ మంచివాడా, చెడ్డవాడా?"

అమ్మోనియా కనిపెట్టినందుకు హేబర్‌కు 1918 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. విషవాయువు ప్రయోగించినవాడికి బహుమతేమిటని అప్పుడే కొందరు మండిపడ్డారు. యూదు కుటుంబంలో పుట్టినందుకు, తాను అంతగా సేవించిన జర్మనీలోనే 1933లో ఆయనకు నిలవనీడ లేకుండా పోయింది. మరుసటి ఏడాది జనవరిలో స్విట్జర్లాండులో చనిపోయాడు. ఈనాడు ప్రపంచ జనాభాలో ఇంచుమించు సగంమంది తినే తిండి ఆయన పద్ధతిలో చేసిన ఎరువు మీద ఆధారపడి ఉందని అంచనా. మన రామగుండంలో చేసే యూరియాకు కూడా మూలం ఆ అమ్మోనియానే. ఈప్ర పొలాల్లో సిలిండర్ల మూతలు తిప్పమన్నదీ ఆయనే. "ఈ రెండిటినీ కూడి, తీసివేసి, మిగిలింది ఇంత అని నేను చెప్పలేనురా" అన్నాను. "అమ్మోనియా కనిపెట్టినందుకు ఆయన్ని తప్పుపట్టను. విషవాయువు మాత్రం ఆయన తనంతట తాను ఎంచుకున్నది. ఎవరూ బలవంతపెట్టలేదు." వాడు తృప్తిపడినట్టు లేదు. కూర్చున్నాడు.

గంట కొట్టారు. ఒక్క సంగతి చెప్పడానికి వేళ చాల్లేదు, అది ఇక్కడ రాస్తున్నాను. ఆ యుద్ధంలో పేల్చిన గుండ్లలో కొంత భాగం పేలకుండా మెత్తని మట్టిలో దిగిపోయాయి. నూరేళ్లు దాటినా బెల్జియం, ఉత్తర ఫ్రాన్సు పొలాల్లో దుక్కి దున్నినప్పుడల్లా నాగలికి తగిలి పైకి వస్తున్నాయి. అక్కడివాళ్లు దాన్ని 'ఇనుప పంట' అంటారు. ఒక్క బెల్జియంలోనే ఏటా వంద టన్నులకు పైగా దొరుకుతాయి. వాటిలో విషవాయువు నింపినవి కూడా ఉంటాయి. రైతు గుండును జాగ్రత్తగా తెచ్చి పొలంగట్టున, రోడ్డుపక్క స్తంభం మొదట్లో పెట్టి కబురు పంపుతాడు. సైన్యం లారీ వచ్చి ఎక్కించుకుపోతుంది. రైతు తిరిగి వెళ్లి మిగిలిన చాలు దున్ని, ఎరువు చల్లుకుంటాడు.